ఇరవై నిమిషాలు ఆపకండి

నేనొక ఇనప కడ్డీని. పొడవు రెండడుగులకి కాస్త తక్కువ. ఒంటి నిండా గుడ్డు ఆకారంలో ఎనిమిది బుడిపెలు. ఇంజన్లు విప్పేవాళ్లు నన్ను క్యామ్‌షాఫ్ట్ అంటారు. విప్పనివాళ్లకి నేనంటూ ఒకదాన్ని ఉన్నానని కూడా తెలీదు. బండి కొనేవాడు రంగు చూస్తాడు, టైరు తన్ని చూస్తాడు, హారను మోగించి చూస్తాడు. నూనె మడుగు మీద చీకట్లో గిర్రున తిరుగుతూ, ఇంజను ఎప్పుడు ఊపిరి పీల్చాలో ఎప్పుడు వదలాలో చెప్పేది మాత్రం నేను. నేను తిరిగితే బుడిపె లేస్తుంది. దాని మీద ఆనుకున్న టాపెట్ లేస్తుంది. టాపెట్ లేస్తే వాల్వు తెరుచుకుంటుంది. ఇంతే నా పని. ఇంత చిన్న పని మొదలుపెట్టడానికి నేను పడ్డ అవస్థ, నా కోసం ఒక మనిషి పడ్డ అవస్థ, మీకు చెప్పాలి.

పుట్టింది కోయంబత్తూరు దగ్గర ఒక ఫౌండ్రీలో. కరిగిన ఇనుము ఇసక అచ్చులో పోసి, బుడిపెల దగ్గర మాత్రం గబుక్కున చల్లారేలా చేశారు. అలా చల్లారిన ఇనుము గాజులా గట్టిపడుతుంది. తర్వాత గ్రైండింగ్ మిషను మీద అరగదీసి నల్లటి పూత పూశారు. కళ్లద్దాల పెద్దాయన ఒకాయన నన్ను వెలుతురుకి ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తలూపి పక్కన పెట్టాడు. తొందర లేకుండా నన్ను చూసిన మొదటి మనిషి ఆయన. రెండో మనిషి కోసం మూడేళ్లు ఆగాను. ఆ మూడేళ్లూ విజయవాడలో ఒక స్పేర్‌పార్టుల కొట్లో, ఫ్యాన్ బెల్టుల వెనక, నూనె కాగితంలో చుట్టుకుని పడున్నాను.

ఆ కాగితం విప్పింది నర్సీపట్నంలో. విప్పిన చేతులు ఆడమనిషివి.

బొద్దపు నూకరత్నానికి అప్పటికి యాభై దగ్గర పడుతోంది. చింతపల్లి రోడ్డులో ఆమెది రేకుల షెడ్డు. తండ్రి జీపుల మెకానిక్కు. అన్నలిద్దరికీ గ్రీజు వాసన పడలేదు, ఆమెకి పడింది. పదేళ్ల వయసులో స్పానర్లు అందించడం దగ్గర మొదలుపెట్టి, ముప్పై దాటేసరికి తండ్రి చెయ్యి వణికే చోటల్లా ఆమె చెయ్యే పనిచేసింది. తండ్రి పోయాక మూడు నెలల పాటు ఆ షెడ్డులోకి ఒక్క బండీ రాలేదు. అప్పుడు లోవరాజు అనే పెద్దాయన, ఆమె తండ్రి స్నేహితుడు, లారీ డ్రైవరుగా రిటైరయినవాడు, తనకి తెలిసిన బళ్లన్నీ ఒక్కొక్కటిగా తోలుకొచ్చి షెడ్డు ముందు నిలబెట్టాడు. "మా అప్పలసామి కూతురు. ఇంజను ఇప్పితే తండ్రే," అని అందరికీ చెప్పాడు. ఆ మేలు రత్నం మరిచిపోలేదు. మరిచిపోలేకపోవడమే ఆమెకి వచ్చిన చిక్కు. ఎదురుగా టీకొట్టు బల్ల మీద పొద్దస్తమానం కూర్చుని, షెడ్డులో ప్రతి పనికీ సలహా చెప్పే హక్కు లోవరాజుకి దాంతోనే దక్కింది.

నన్ను విప్పి బల్ల మీద పెట్టినప్పుడు, పక్కనే నాలాంటిదే ఇంకోటి పడుంది. అచ్చం నా రూపే. కాకపోతే దాని ఐదో బుడిపె కొస పూర్తిగా అరిగి గుండ్రంగా అయిపోయింది. మూడోది, ఏడోది కూడా అదే దారిలో ఉన్నాయి. వందేళ్లు తిరిగినదేమో అనుకున్నాను. రత్నం దాన్ని తీసి పక్కన పడేస్తూ తనలో తనే గొణుక్కుంది. "పదకొండు రోజులు. పదకొండంటే పదకొండు రోజులు."

అది బతికింది అంతే.

ఆ కథ నాకు ముక్కలుముక్కలుగా తెలిసింది. చింతపల్లికి పైన కొండల్లో గెమ్మెలి బాలన్న అని ఒకతను ఉన్నాడు. అతనిది పాత పెట్రోలు జీపు. తారురోడ్డు ఆగిపోయిన చోటి నుంచి పైన ఉన్న ఆరేడు గూడేలకి ఎక్కే బండి అదొక్కటే. సంతకి వెళ్లాలన్నా, పసుపు బస్తాలు దించాలన్నా, జ్వరం వచ్చినవాణ్ణి ఆసుపత్రికి చేర్చాలన్నా ఆ జీపే. ఇంజను పూర్తిగా అరిగిపోతే బాలన్న రత్నం దగ్గర దింపించాడు. ఆమె నెల్లాళ్లు కూర్చుని మొత్తం కొత్తగా కట్టింది. కట్టాక ఒకే మాట చెప్పింది. కొత్త క్యామ్‌షాఫ్ట్ వేశాం కాబట్టి, స్టార్టయిన క్షణం నుంచి ఇరవై నిమిషాల పాటు ఇంజను రేసులోనే ఉండాలి. తగ్గించకూడదు, ఆపకూడదు.

మా సంగతి అలాంటిది. నాకు నూనె గొట్టంలోంచి రాదు. కింద క్రాంకు అనే వంకర కడ్డీ జోరుగా తిరుగుతూ చిమ్మితేనే నా మీద పడుతుంది. ఇంజను స్లోలో ఉంటే ఆ చిమ్మడం నా దాకా రాదు. కొత్తలో నా బుడిపెకీ టాపెట్‌కీ మధ్య పొత్తు కుదరదు. రెండూ ఒకదాన్నొకటి రుద్దుకుని, నునుపై, సర్దుకోవడానికి ఆ మొదటి ఇరవై నిమిషాలే గడువు. అవి సవ్యంగా దాటితే ఏళ్లతరబడి తిరుగుతాం. దాటకపోతే పదకొండు రోజులు.

మనుషులకి ఈ ముక్క ఎక్కదు. పసిబిడ్డని మెల్లగా నడిపించాలి కదా, కొత్త ఇంజనూ అంతే అని వాళ్ల లెక్క. ఆ రోజు లోవరాజు పూలదండ తెచ్చాడు, కొబ్బరికాయ తెచ్చాడు. ఇంజను స్టార్టవగానే, "స్లోలో పెట్టు, స్లోలో పెట్టు, ఫొటో తీయాలి," అన్నాడు. రత్నం "బాబాయ్, రేసు..." అనబోయింది. "ఉండమ్మాయ్, శుభమా అని మొదలెడతన్నాం," అన్నాడాయన. ఆమె నోరు మూసుకుంది. ఫొటోలయ్యాయి, పులిహోర పంచారు, ఇంజను అరగంట పాటు మెల్లగా, ముద్దుగా గుర్రుమంది. లోపల ఆ క్యామ్‌షాఫ్ట్ ఒళ్లు హరించుకుపోతోందని రత్నానికి ఒక్కదానికే తెలుసు. తెలిసీ, పులిహోర పొట్లం చేత్తో పట్టుకుని నిలబడింది.

పదకొండో రోజున కొండ మీద చివరి ఎత్తులో జీపు టిక్కు టిక్కుమంటూ బలం పోయి ఆగిపోయింది. లోపల కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్న ముసలమ్మ ఉంది. వానలో డోలీ కట్టి మూడు మైళ్లు మోశారు. ముసలమ్మ బతికింది. కానీ మోసినవాళ్లలో ఒక్కడు కూడా బాలన్నతో నెల రోజులు మాట్లాడలేదు.

ఆడమనిషి కట్టిన ఇంజను అలాగే ఉంటుందని టీకొట్టు దగ్గర అన్నారు. లోవరాజు అనలేదు. "ఆ షాఫ్టు డూప్లికేటు సరుకురా, పిల్లదేటి సేస్తాది," అని ఆమెని వెనకేసుకొచ్చాడు. రత్నానికి ఆ సమర్థింపే ఎక్కువ మండింది.

అందుకే నన్ను తెప్పించింది. ఇంజను మళ్లీ దింపి, ప్రతి నట్టూ విప్పి, ఇనప పొడి చేరిన ప్రతి సందూ కడిగింది. నన్ను చేతిలోకి తీసుకుని మైక్రోమీటరుతో ఎనిమిది బుడిపెలూ కొలిచి నోటుపుస్తకంలో రాసుకుంది. తర్వాత నల్లటి పేస్టు వేలితో తీసి ఒక్కో బుడిపెకీ రాసింది. మొదటి క్షణాల్లో నూనె అందేదాకా నన్ను కాపాడేది ఆ పేస్టే. ఆమె వేలు ప్రతి ఒంపు దగ్గరా ఆగి, మళ్లీ వెనక్కి వచ్చి, ఇంకాస్త రాసింది. ఆ వేలు బిగుసుకుని ఉంది. ఈసారి తప్పితే ఏం చేస్తానని బాలన్న అన్నాడో అప్పటికే విన్నాను.

"అక్కా, నీ మీద కోపం నేదు. కానీ ఈపాలి గానీ కొండ మీద ఆగిందంటే బండి అమ్మీసి ఊరొదిలీడమే. ఆల మొకాలు సూళ్లేను."

మొదటి ప్రయత్నం బుధవారం పొద్దున. రత్నం అన్నీ రెండేసిసార్లు చూసుకుంది. రేడియేటర్లో నీళ్లు, కార్బురేటర్లో పెట్రోలు, నూనె పంపు నిండుగా ఉందో లేదో, టైమింగు. సెల్ఫు తాకగానే అందుకోవాలి. ఊరికే తిప్పుతూ పోతే నా మీది పేస్టు తుడుచుకుపోతుంది. చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లింది. వెళ్లి వచ్చిన ఆ ఐదు నిమిషాల్లో లోవరాజు రోడ్డు దాటి వచ్చి, బానెట్ కింద తలపెట్టి, ఏదో సర్ది వెళ్లిపోయాడు. ఆమె చూడలేదు.

సెల్ఫు కొట్టింది. నేను తిరిగాను. ఇంజను దగ్గింది, తుమ్మింది, కార్బురేటర్లోంచి మంట కక్కింది, అందుకోలేదు. మళ్లీ కొట్టింది. నేను మళ్లీ తిరిగాను. నా మీద పేస్టు చారలు చారలుగా పక్కకి జరిగిపోతోంది. ఆపమని అరవడానికి నాకు నోరు లేదు. నాలుగోసారికి ఆమే ఆపింది. డిస్ట్రిబ్యూటర్ నుంచి ప్లగ్గులకి వెళ్లే వైర్ల వంక చూసింది.

"ఈ వైర్లు ఎవలు మార్చేరు?"

"నేనే," అన్నాడు లోవరాజు టీకొట్టు బల్ల మీంచి, గ్లాసు దించకుండానే. "ఆర్డరు తప్పెట్టేవమ్మాయ్. ముప్పైయేళ్లు తోలేను, నాకు తెల్దా?"

"అది నీ లారీ ఆర్డరు బాబాయ్. ఇది జీపు."

"ఏదైతే ఏటి, నాలుగు సిలిండర్లే కదా."

రత్నం రెంచి తీసుకుని రేడియేటరు విప్పడం మొదలుపెట్టింది. నన్ను మళ్లీ బయటికి తీసి, తుడిచి, చూసి, పేస్టు రాసి, లోపల పెట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో ఆమె రెంచి ఎన్నిసార్లు కింద పెట్టిందో, పెట్టిన ప్రతిసారీ ఎంత చప్పుడయిందో లెక్కపెట్టలేను. ఆయన్ని ఒక్క మాట అనలేకపోవడం ఆమె చేతుల్లోకి దిగి అక్కడ ఇనుముతో కొట్లాడుతోంది. నేనే ఆ ఇనుము కాబట్టి నాకు బాగా తెలుసు.

శుక్రవారం మళ్లీ. ఈసారి బానెట్ దగ్గర ఆమె నిలబడి, బాలన్నని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది. టైమింగు సరిచూడ్డానికి ఆమె చేతులు డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఉండాలి, యాక్సిలరేటరు తొక్కడానికి ఒకరు కావాలి.

"తొక్కిన కాలు ఎత్తకు తమ్ముడూ. ఎంత సప్పుడైనా ఎత్తకు. నేను సెయ్యి ఊపితేనే."

"అలగే అక్కా."

సెల్ఫు తాకిందో లేదో ఇంజను అందుకుంది. ఒక్కసారిగా కింద క్రాంకు గిర్రుమంది. వేడి నూనె చినుకులై, జల్లై నా మీద పడింది. అబ్బ, అది ఎలా ఉంటుందో ఎలా చెప్పను! మూడేళ్లు కాగితంలో చుట్టుకుని ఎదురుచూసింది దీనికే. నా ఎనిమిది బుడిపెలూ ఎనిమిది టాపెట్లతో ఒరుసుకుంటూ, ఒకదాని గరుకు ఒకటి తీసేస్తూ, కుదురుకోవడం మొదలుపెట్టాయి. ఒక నిమిషం. రెండు. మూడు. షెడ్డు రేకులు అదురుతున్నాయి. టీకొట్టు గ్లాసులు గలగలమంటున్నాయి.

నాలుగో నిమిషంలో లోవరాజు గుమ్మంలోకి వచ్చి రెండు చేతులూ పైకెత్తాడు. "తగ్గించరా! కొత్త ఇంజను సచ్చిపోతాదిరా! ఏటా తొక్కుడు!"

బాలన్న రత్నం వైపు చూశాడు. ఆమె తల బానెట్ లోపల ఉంది. లోవరాజు వైపు చూశాడు. ముప్పైయేళ్లు లారీ తోలిన మనిషి మొహం నిండా కంగారు. బాలన్న కాలు లేచింది.

ఇంజను చప్పుడు పడిపోయింది. జల్లు ఆగింది. బుడిపెలు ఎండిపోయి కరకరమన్నాయి. రత్నం "ఎత్తకు!" అని అరిచింది. వినబడలేదో, విన్నా ఎవరి మాట వినాలో తేలలేదో, బాలన్న అలాగే ఉండిపోయాడు. మూడు సెకన్లు. ఆమె కాయిల్ వైరు పట్టుకుని ఒక్క లాగు లాగేసింది. ఇంజను చచ్చినట్టు ఆగిపోయింది. స్లోలో తిరగడం కంటే ఆగిపోవడమే నాకు క్షేమం. ఆ క్షణంలో అది తట్టింది ఆమెకొక్కదానికే.

రత్నం బానెట్ కింద నుంచి బయటికొచ్చింది.

"ఎందుకెత్తేవు?" అంది రత్నం.

"లోవరాజు బాబు అన్నాడక్కా..."

"ఇంజను కట్టింది ఎవలు?"

బాలన్న నేల చూశాడు. "అదికాదక్కా. ఇంత సప్పుడు నేనెప్పుడూ ఇన్నేదు. నా బండే కదా, బయం ఉండదా?"

"బండి నీది. కాదన్ను. ఈ ఇరవై నిమిసాలు మాత్రం నావి. నెల రోజులు పడ్డానయ్యా దీని కోసం. ఇరవై నిమిసాలు ఇవ్వలేవా? ఎవడికీ ఇరవై నిమిసాలు నేదా నాకియ్యడానికి?"

లోవరాజు కల్పించుకోబోయాడు. "అమ్మాయ్, నేను నీ మంచికే..."

"తెల్సు బాబాయ్. నా మంచికే వైర్లు మార్చేవు, నా మంచికే తగ్గించమన్నావు, నా మంచికే పులిహోర పంచేవు. నీ కాళ్లకి దండం పెడతాను, ఓ పూట నా మంచి సూడకు." ఆమె గుమ్మం వైపు చూపించింది. "ఎల్లండి. ఇద్దరూ ఎల్లండి."

అప్పటిదాకా ఆ షెడ్డులో ఆమె ఆయన్ని ఒక్క మాట అనలేదు. లోవరాజు తుండుగుడ్డ భుజాన వేసుకుని రోడ్డు దాటాడు. బాలన్న కూడా వెళ్లాడు. రత్నం పాత టైరు మీద కూర్చుని, నల్లబడ్డ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, చాలాసేపు రోడ్డు చూసింది. ఏడవలేదు. లేచింది, పక్క మూత విప్పింది, టార్చిలైటు వేసి నన్ను చూసింది. మూడు సెకన్లకి నాకు గీతలు పడ్డాయి గానీ గాయం కాలేదు. ఆమె వదిలిన ఊపిరి వెచ్చగా నా మీద తగిలింది. మళ్లీ పేస్టు రాసి మూత బిగించింది.

ఆ సాయంత్రం నాలుగింటికి ఆమె ఒక్కతే మొదలుపెట్టింది. యాక్సిలరేటరు తొక్కడానికి ఎవరూ లేరు, కావాలనీ అనుకోలేదు. కార్బురేటరు దగ్గర లివర్ని కావలసినంత లాగి బైండింగ్ వైరుతో కట్టేసింది. మనుషులకి కాలు ఎత్తబుద్ధేస్తుంది. వైరుకి ఆ రోగం లేదు.

సెల్ఫు. అందుకుంది. జల్లు పడింది. ఆమె గోడ గడియారం చూసింది. నాలుగూ ఏడు.

ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. నా ఒంట్లో గరుకుతనం పోతోంది. ప్రతి టాపెట్టూ నా బుడిపె మీద మెల్లగా తన చుట్టూ తాను తిరుగుతోంది, తిరగాల్సినట్టే. ఆమె ఒక చెవి ఇంజను మీద, ఒక కన్ను ప్రెషరు ముల్లు మీద పెట్టి, లివరుని కాస్త పెంచుతూ, కాస్త తగ్గిస్తూ నిలబడింది. బాలన్న ఎప్పుడొచ్చాడో, గుమ్మం బయట గొడుగు ముడుచుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. రమ్మని ఆమె పిలవలేదు.

పద్నాలుగో నిమిషంలో రేడియేటరు పైపు చిరిగింది.

పెద్ద చిరుగు కాదు, క్లిప్పు పక్కన బియ్యపుగింజంత. అందులోంచి మరిగే నీళ్లు సన్నటి తీగలా చిమ్మాయి. ఆవిరి కమ్మేసింది. నీళ్లు పోతే ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. ఆపితే? చల్లారాక మళ్లీ మొదలు, మళ్లీ పేస్టు, మళ్లీ సెల్ఫు. ఇన్నిసార్లు తిరిగి ఆగిన నేను ఇంకోసారి తట్టుకుంటానో లేదో నాకే నమ్మకం లేదు. ఆమెకీ లేదు.

రత్నం పాత సైకిల్ ట్యూబు ముక్క తీసి చిరుగు మీద చుట్టింది. జారిపోయింది. మళ్లీ చుట్టి, దాని మీద తడి గోనెపట్టా వేసి, ఎడమచేత్తో పిడికిలి బిగించి పట్టుకుంది. చిమ్మడం ఆగింది. వేడి ఆగలేదు. పళ్లు బిగబట్టిన చప్పుడు ఇంజను మోతలో ఎవరికీ వినబడి ఉండదు. చెయ్యి మాత్రం అదురుతోంది. ఆ అదురు పైపులోంచి, ఇంజను దిమ్మలోంచి నా దాకా వచ్చింది.

"బాలన్నా! నీళ్లు! రేడియేటర్లో నీళ్లు పోస్తా ఉండు!"

బాలన్న గొడుగు పారేసి లోపలికి ఉరికాడు. బకెట్లోంచి చెంబుతో పోయడం మొదలుపెట్టాడు. అప్పుడే ఆవిరి చూసి లోవరాజు రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చాడు. పెద్ద వయసు, ఆయాసం. "ఆపండ్రా! సెయ్యి కాలిపోతాంది దానికి! ఆపండి!" అంటూ డాష్‌బోర్డు మీద స్విచ్చు వైపు చెయ్యి చాచాడు.

బాలన్న చెంబు వదిలి అడ్డంగా నిలబడ్డాడు.

"జరగరా!"

"నేదు బాబూ."

"సెయ్యి కాలతాందిరా ఎదవా, కనబళ్లేదా?"

"కనబడతాంది. అక్క ఆపమంటే ఆపుతాను. మీరంటే ఆపను."

లోవరాజు రత్నం వంక చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, ఒక్కసారి. ఆయన చెయ్యి దించేశాడు. కింద పడ్డ చెంబు తీసి, బకెట్లో ముంచి, రేడియేటర్లో పోశాడు. మళ్లీ ముంచాడు. ముగ్గురు మనుషులు నా చుట్టూ ఒకే పనిలో ఉన్నది ఆ ఆరు నిమిషాలే.

నాలుగూ ఇరవై ఏడుకి రత్నం కుడిచేత్తో బైండింగ్ వైరు తెంపింది. ఇంజను వేగం దిగింది. మెత్తగా, సమంగా గుర్రుమంది. ఇక స్లో నన్నేమీ చెయ్యలేదు. ఆమె పైపు వదిలి స్విచ్చు ఆపి, బయటికెళ్లి నీళ్ల తొట్టిలో మోచేతి దాకా చెయ్యి ముంచి అలా ఉండిపోయింది. లోవరాజు ఆసుపత్రికి తీసుకెళ్తానంటే, "ముందు ఇంజన్లో నూనె దించాల బాబాయ్, సూసేక ఎల్దాం," అంది. ఒంటిచేత్తో నూనె దించి, అయస్కాంతం ముంచి తీసింది. కాటుకలాంటి సన్నటి మసి తప్ప ఒక్క ఇనప రజను రాలేదు. అది చూసుకున్నాకే ఆసుపత్రికి వెళ్లింది.

అంతా బాగుందనుకుంటున్నారా? మర్నాడు టీకొట్టు దగ్గర లోవరాజు చెబుతున్న మాటలు విన్నాను. "పైపు పగిలితే నేనే నీళ్లు పోసేను. దగ్గరుండి సేయించకపోతే అయీదా పని!" ఆయన అబద్ధం చెప్పడం లేదు. నీళ్లు పోసింది నిజమే. తనకి గుర్తున్నంత వరకే చెబుతున్నాడు, అంతే. కొండ మీద బాలన్నని అడిగినవాళ్లకి అతనూ అదే చెప్పేవాడు, "నర్సీపట్నంలో లోవరాజు బాబు దగ్గరుండి కట్టించేడు," అని. ఆడమనిషి కట్టిందంటే ఎక్కరని భయం. ఎక్కినవాళ్లందరి కిందా తిరుగుతూ నేను ప్రతిసారీ విన్నాను, ప్రతిసారీ ఒళ్లు మండింది.

తొమ్మిదేళ్లు తిరిగాను. పసుపు బస్తాలు, సంత మేకలు, పెళ్లివాళ్లు, జ్వరాలవాళ్లు, రెండుసార్లు బ్యాలెట్ పెట్టెలు, ఒకసారి బడికి కొత్త బ్లాక్‌బోర్డు. చివరి ఎత్తులో ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ మధ్యలో లోవరాజు పోయాడు. ఏదో పక్షవాతమట. రత్నం నెల్లాళ్లు టీకొట్టు వైపు చూడలేదని బాలన్న ఎవరితోనో చెబుతుంటే విన్నాను.

తర్వాత బాలన్న జీపులో డీజిలు ఇంజను పెట్టించాడు. పెట్రోలు పోయించలేక. అందులో అతని తప్పేమీ లేదు. మమ్మల్ని దింపేసి రత్నం షెడ్డులో మూలన పెట్టారు. నేను అరిగిపోయి దిగలేదు. ఆ సంగతి ఎవరైనా అడుగుతారేమో అని చూశాను. ఎవరూ అడగలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, రత్నం ఆ ఇంజను విప్పింది. ఎవరూ విప్పమనలేదు. నన్ను బయటికి లాగి, కిరసనాయిల్తో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, మైక్రోమీటరుతో ఒక్కో బుడిపెనీ కొలిచింది. పాత నోటుపుస్తకం తెరిచి పక్కన పెట్టుకుంది. తొమ్మిదేళ్లలో ఎంత అరిగానో లెక్కవేసి, సుద్దముక్కతో గోడ మీద రాసింది. మిల్లీమీటర్లో వందో వంతుల్లో. మొదటి బుడిపె రెండు. రెండోది ఒకటి. మూడోది రెండు. ఎనిమిదీ అలా ఒక వరసలో: 2 1 2 2 3 1 2 2. అంటే ఏమీ అరగనట్టే.

రాసి, వెనక్కి తిరిగింది. ఎవరికైనా చూపించాలని ఆమె మొహంలో తెలుస్తోంది. షెడ్డులో ఎవరూ లేరు. గుమ్మం దాకా వెళ్లి రోడ్డవతల టీకొట్టు బల్ల వంక చూసింది. అక్కడ ఎవరో కుర్రవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. తిరిగొచ్చి నన్ను రెండు చేతుల్లో పట్టుకుని కాసేపు నిలబడింది. నాకు అప్పుడు ఒక్క మాట వచ్చి ఉంటే బాగుండేది.

నన్ను ఇంకో జీపుకి వేస్తానని ఒకరిద్దరిని అడిగింది. పాత సరుకు వద్దన్నారు. మూడో మనిషి కూడా వద్దన్నాక, విసురుగా తీసుకెళ్లి గుమ్మం పక్కన పాత ఇనుము కుప్ప మీద పడేసింది. ఆ విసురు నా మీద కాదు.

ఇప్పుడు ఇక్కడే ఉన్నాను. వానలకి నా బుడిపెల మీద ఎర్రటి చుక్కలు మొదలయ్యాయి. ఇనప సామాన్ల బండి వచ్చే వారమో ఆ పైవారమో వస్తుంది. లోపలి మాటలన్నీ ఇక్కడికి వినబడతాయి. నిన్న బండి తెచ్చిన అతనెవరో గోడ వంక చూసి అడిగాడు.

"అక్కా, ఈ ఫోను నంబరెవలిది? రెండంకెలు తగ్గేయి."

రత్నం చేస్తున్న పని ఆపలేదు. స్పానరు రెండు తిప్పులు తిరిగింది.

"మా బాబాయ్‌ది," అంది. "ఇంక కలవదులే."